బీలలో దిగబడని ట్యాంకు

(శ్రీకాకుళంలో ఒక ఆదివారం పొద్దున్న, యుద్ధ పాత్రల ఆట ఆడే పిల్లల ముందు ఒక మాజీ దఫేదారు చేసిన ప్రసంగం)

ముందుకు రండమ్మా, ముందుకు రండి. వెనకాల గోడకి ఆనుకుని నిలబడ్డ బాబులు కూడా రండి, ఇక్కడ చాప ఖాళీగా ఉంది. బల్ల మీద పెట్టిన ఈ బొమ్మ కనబడకపోతే నేను చెప్పేది సగం వృథా అయిపోతుంది.

నేను ఆర్మర్డ్ రెజిమెంటులో 17 ఏళ్లు పనిచేశాను. సవారుగా చేరి దఫేదారుగా బయటికొచ్చాను. మిగతా పటాలాల్లో సిపాయి, హవల్దారు అంటారు. మావి గుర్రాల కాలం నాటి పేర్లు: సవారు, దఫేదారు, రిసాల్దారు. గుర్రాలు పోయి ట్యాంకులొచ్చినా పేర్లు మాత్రం ఉండిపోయాయి. ఎక్కువ కాలం టీ-72 అనే ట్యాంకుకి డ్రైవరుగానే చేశాను. ఊరొచ్చాక ఈ పిల్లలు ఆడుతున్న ఆట చూశాను. నాలుగు వారాలు పక్కన కూర్చుని చూశాక ఆట నడిపే కుర్చీలో నన్నే కూర్చోబెట్టారు. దఫేదారు మావయ్య అని పిలుస్తారు. ఆ పిలుపంటే నాకు ఇష్టం.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్తాను. ఒక ట్యాంకులో ఎంతమంది ఉంటారో అంతమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కమాండరు, ఒకరు గురి చూసి పేల్చే గన్నరు, ఒకరు డ్రైవరు. బయట ఏం జరుగుతోందో ఆట నడిపేవాడు చెప్తాడు. తామేం చేస్తారో వీళ్లు చెప్తారు. పాచిక వేస్తే ఫలితం తేలుతుంది. దేశం కల్పితం, యుద్ధం కల్పితం, ట్యాంకు కూడా మనమే తయారుచేసుకోవాలి. ఈవేళ మాట్లాడేది ఆ తయారీ గురించే.

పోయిన నెల మనవాళ్లలో ఒక కుర్రాడు మా ఇంటికి ఒక కాగితం పట్టుకొచ్చాడు. ఎంతో కష్టపడి వేశాడు, బొమ్మ చాలా బాగుంది. ట్యాంకు పేరు గండభేరుండం. చుట్టూ 300 మిల్లీమీటర్ల మందం కవచం, 152 మిల్లీమీటర్ల ఫిరంగి, గంటకి 80 కిలోమీటర్ల వేగం. ‘ఎలా ఉంది మావయ్యా?’ అన్నాడు. ‘బాగుంది బాబూ, ఓ లెక్క వేద్దాం రా’ అని అరుగు మీద కూర్చోబెట్టాను.

ఆ లెక్క మీరందరూ రాసుకోండి, దీన్ని మించిన పనిముట్టు ఈ ఆటలో లేదు. ఉక్కు ఘనపు మీటరుకి 7.85 టన్నులు తూగుతుంది. అంటే మీటరు పొడవు, మీటరు వెడల్పు, 100 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక ఒక్కటే 785 కేజీలు. ఇప్పుడు గండభేరుండం ఒళ్లు చూడండి. 7 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్ల వెడల్పు, మీటరున్నర ఎత్తు. పెట్టెలాగే అనుకుందాం. పైనా కిందా కలిపి 49 చదరపు మీటర్లు, రెండు పక్కలూ 21, ముందూ వెనకా పదిన్నర. మొత్తం 80.5. దాన్ని 0.3 మీటర్ల మందంతో హెచ్చవేసి, మళ్లీ 7.85తో హెచ్చవేస్తే దాదాపు 190 టన్నులు. ఇది వట్టి పెట్టె బరువు. పైన టరెట్టు, అంటే ఫిరంగిని మోస్తూ గుండ్రంగా తిరిగే గది లేదు, ఫిరంగి లేదు, ఇంజిను లేదు, గుండు లేదు, మనిషి లేడు.

కుర్రాడు చాలాసేపు కాగితం వైపే చూశాడు. నేను మౌస్ గురించి చెప్పాను. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నిజంగానే అలాంటి ట్యాంకు కట్టారు. దాని బరువు 188 టన్నులు. మన పెట్టె లెక్కకి ఎంత దగ్గరగా ఉందో చూశారా? దాన్ని మోసే వంతెనలు లేవు కాబట్టి నది అడుగునే దాటిద్దామనుకున్నారు. ఒక మౌస్ గట్టు మీద నిలబడి తీగ ద్వారా కరెంటు ఇస్తుంటే, రెండోది నీటి అడుగున నడవాలి. రెండే రెండు తయారయ్యాయి. ఆ రెంటి భాగాలూ కలిపి నిలబెట్టిన ఒక మౌస్ ఈవేళ రష్యాలో కుబింకా మ్యూజియంలో ఉంది.

ఇక వేగం. మంచి ట్యాంకుకి టన్నుకి 20 హార్స్‌పవర్ దాకా కావాలి. గండభేరుండం అన్నీ కలిపి 250 టన్నులనుకుంటే 5,000 హార్స్‌పవర్. రైల్వేవాళ్ల డబ్ల్యూడీఎం-3ఏ డీజిలు ఇంజిను 3,100 హార్స్‌పవర్. అలాంటిది ఒకటిన్నర ఈ పెట్టెలో ఇరికించాలన్నమాట.

ఆ కుర్రాడు ఇక్కడే ఉన్నాడు. పేరు చెప్పను, వాడే తర్వాత మన ట్యాంకు తయారీకి ముందు నడిచాడు. తప్పు ఎక్కడ జరిగిందో వాడికే ముందు తెలిసింది. ‘మావయ్యా, నేను ఫిరంగితో మొదలుపెట్టాను’ అన్నాడు. అంతే. ఫిరంగితో మొదలుపెట్టకూడదు, కవచంతోనూ మొదలుపెట్టకూడదు. నేలతో మొదలుపెట్టాలి.

మన ఆటలోని దేశం పేరు మహేంద్ర గణతంత్రం. పిల్లలు పటం గీస్తే అది మన జిల్లాలాగే వచ్చింది, రాకేం చేస్తుంది? పడమట కొండలు, తూర్పున సముద్రం, మధ్యలో సన్నటి పట్టీలాంటి పల్లం. నదులన్నీ కొండ నుంచి సముద్రానికి పారతాయి. నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, వీటికి అటూ ఇటూ లెక్కలేనన్ని గెడ్డలు, అంటే వాగులు. ఉత్తరం నుంచి దక్షిణానికి సైన్యం కదలాలంటే ప్రతి నదినీ అడ్డంగా దాటాల్సిందే, తప్పించుకునే దారి లేదు. కొండకీ సముద్రానికీ మధ్య రోడ్డు ఒకటి, రైలు పట్టాలు ఒకటి. శత్రువు వంతెన కూల్చేస్తే ఏరు దిగాలి.

వంతెనల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్తాను, మీలో సివిల్ ఇంజనీరింగు చదివే అమ్మాయిలు ఉన్నారు కదా, వాళ్లకి తెలిసే ఉంటుంది. మన దేశంలో పెద్ద రోడ్ల వంతెనల డిజైనులో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన 70 టన్నుల ట్రాకు బండి, అంటే చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టీల మీద నడిచే బండి, ఒకటి లెక్కలో ఉంటుంది. అంటే ట్యాంకు లాంటిది పైనుంచి పోతే ఏమవుతుందో వంతెన గీసేటప్పుడే చూసుకుంటారు. కానీ ఊళ్లలోకి వెళ్లే కల్వర్టులకి, పాత వంతెనలకి ఆ భరోసా లేదు. అందుకే మన ఆటలో పల్లె వంతెనలకి 40 టన్నులే హద్దు పెట్టుకున్నాం. ఒక్క ఆ నియమంతోనే మన ట్యాంకు బరువు సగం తేలిపోయింది.

మిగతా సగం బీల తేల్చింది. సోంపేట వైపు వాళ్లున్నారా ఇక్కడ? ఆ, చెయ్యెత్తారు. బీల అంటే ఏటో మీరే చెప్పాలి వీళ్లకి. ఏడాదిలో చాలా నెలలు నీళ్లు నిలిచే మెత్తటి నేల. పైన పచ్చగా గడ్డి కనబడుతుంది, కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. దానికోసం అక్కడి జనం ఎంత పోరాడారో మీ అందరికీ తెలుసు. మన పటంలో సరిగ్గా అలాంటి బీల ఒకటి రెండు నదుల మధ్య ఉంది.

నేల మీద బండి ఎంత ఒత్తుతుందో కనుక్కోవడం కష్టం కాదు. బరువుని, నేలకి ఆనే ట్రాకు వైశాల్యంతో భాగించండి. గండభేరుండానికి వేసి చూశాం, చదరపు సెంటీమీటరుకి నాలుగు కేజీలు దాటింది. మనిషి నడుస్తున్నప్పుడు ఒక కాలి మీద పడేది మూడు నాలుగు వందల గ్రాములు. ఆ నాలుగు వందల గ్రాములకే బీలలో మోకాలి దాకా దిగితే, నాలుగు కేజీలది ఎక్కడ తేలుతుంది? వరి మళ్లలో దమ్ము పట్టే ట్రాక్టరుకి మామూలు టైర్లు తీసేసి వెడల్పాటి ఇనుప చక్రాలు బిగిస్తారు కదా, ఎందుకు బిగిస్తారో మీ నాన్నని అడగండి. ట్యాంకు ట్రాకు వెనక ఉన్న ఆలోచన కూడా అదే.

ఇది కల్పన కాదు. 1965 సెప్టెంబరులో పంజాబ్‌లో అసల్ ఉత్తర్ దగ్గర జరిగింది చూడండి. పాకిస్తాన్ దగ్గర అమెరికా ప్యాటన్ ట్యాంకులున్నాయి. అప్పటికి గొప్ప ట్యాంకులు, 45 టన్నుల పైమాటే. మనవాళ్లు కాలువ నీళ్లు పొలాల్లోకి వదిలేసి చెరుకు తోటల్లో కాచుకున్నారు. ప్యాటన్లు బురదలో మందగించాయి, కొన్ని దిగబడిపోయాయి. అబ్దుల్ హమీద్ జీపు మీద బిగించిన, పేల్చినా వెనక్కి తన్నని రికాయిల్‌లెస్ గన్నుతో ట్యాంకుల్ని కొట్టి పరమవీర చక్ర పొందింది ఆ యుద్ధంలోనే. కాగితం మీద ఏ ట్యాంకు గొప్పదని ఎవరూ అడగలేదు, ఆ పొలం అడిగిన ప్రశ్న వేరు.

సరే, మన ట్యాంకుకి వద్దాం. 36 టన్నులు అనుకున్నాం, వంతెనకి నాలుగు టన్నులు వెసులుబాటు. ట్రాకు వెడల్పు 70 సెంటీమీటర్లు, నేలకి ఆనే పొడవు 4.4 మీటర్లు. రెండు ట్రాకులకీ కలిపి 6.16 చదరపు మీటర్లు. అంటే చదరపు సెంటీమీటరుకి ఆరు వందల గ్రాముల లోపే. మనిషి కాలికి దగ్గరగా వచ్చేశాం. ‘ఇంకా పొడవు చేస్తే ఇంకా తేలిక కదా’ అని ఒకమ్మాయి అడిగింది. చెయ్యొచ్చు, కానీ అప్పుడు బండి తిరగదు. నేలకి ఆనే ట్రాకు పొడవుని రెండు ట్రాకుల నడిగీతల మధ్య దూరంతో భాగిస్తే ఒకటిన్నరకీ 1.8కీ మధ్య ఉండాలి. అంతకు మించితే మలుపు తిప్పడానికి ఇంజిను ప్రాణం పోతుంది, ట్రాకు ఊడొస్తుంది. మనది 1.7 దగ్గర ఆగింది. దీనికి ఉడుము అని పేరు పెట్టింది ఆ అమ్మాయే. నేలని పట్టుకుంటుంది కాబట్టి ఉడుము.

నేల తర్వాత మనిషి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఏమనుకోకండి.

టీ-72లో ముగ్గురం. గన్నరు ఎడమ, కమాండరు కుడి, నేను ముందు కింద. గుండు పెట్టడానికి మనిషి లేడు, యంత్రమే పెడుతుంది. టరెట్టు కింద గుండ్రంగా తిరిగే పళ్లెంలో 22 గుండ్లుంటాయి. చాలా తెలివైన ఏర్పాటు, దానివల్లే ట్యాంకు పొట్టిగా, తేలిగ్గా వచ్చింది. కానీ ఆ మందుగుండు అంతా గన్నరు, కమాండరుల కిందే ఉంటుంది. పక్క నుంచి దెబ్బ అక్కడ తగిలితే టరెట్టే ఎగిరిపోతుంది. 1991లో ఇరాక్‌లో ప్రపంచమంతా చూసింది. నా కుర్చీ సంగతి చెప్తాను. తల పైనే నా తలుపు. ఫిరంగి సరిగ్గా దాని మీదకి వచ్చి ఆగితే తలుపు తెరుచుకోదు. ఈ సంగతి ఏ పుస్తకంలో చదివినా మామూలుగానే ఉంటుంది. కానీ మే నెలలో రాజస్థాన్‌లో ఆ కుర్చీలో కూర్చుంటే, పైన ఫిరంగి ఎటుందా అని చెవి ఎప్పుడూ అటే ఉంటుంది. టరెట్టు తిరిగే చప్పుడుని బట్టి నాకు తెలిసిపోయేది.

ఒకసారి పంజాబ్‌లో అభ్యాసాల్లో, కాలువ గట్టు ఏటవాలుగా దిగుతున్నాం. నేను కొంచెం తొందరగా తిప్పాను. ఎడమ ట్రాకు చక్రాల మీంచి జారిపోయింది. ముగ్గురం దిగాం. సమ్మెటతో పిన్నులు కొట్టి విడగొట్టి, గునపాలతో లాగి, మళ్లీ చక్రాల కిందకి పరిచి కలపాలి. ఇనుము చేత్తో ముట్టుకోలేనంత కాలుతోంది. ముగ్గురిలో ఒకరు రేడియో దగ్గర ఉండాలి, ఇంక మిగిలింది ఇద్దరు. నాలుగు గంటలు పట్టింది. నాలుగో మనిషి ఉంటే ఒక జత చేతులు, రాత్రి కాపలాకి ఒక జత కళ్లు. అప్పటి నుంచీ నాకు ఆ నాలుగో మనిషి మీదే మనసు. మన అర్జున్ ట్యాంకులో నలుగురున్నారు, అంతకుముందు ఆవడిలో తయారైన విజయంతలోనూ నలుగురే.

అందుకని ఉడుములో నలుగుర్ని పెట్టాం. ఊరికే రాలేదు. ఒక మనిషికి చోటివ్వాలంటే లోపల జాగా పెరగాలి, జాగా పెరిగితే దాన్ని కప్పే ఉక్కు పెరగాలి. మా లెక్కలో నాలుగో మనిషి ఖరీదు మూడు టన్నులు. ఆ మూడు టన్నులూ పక్క కవచం నుంచి కోశాం. పక్కలు 30 మిల్లీమీటర్లే.

ఆటకి ఇది ఎందుకంత ముఖ్యమో చెప్తాను. పాత్రల ఆటలో ట్యాంకు కుర్చీలే పాత్రల కళ్లు. 1940లో వచ్చిన మొదటి టీ-34 చూడండి. 45 మిల్లీమీటర్ల ఏటవాలు కవచం, మంచి ఫిరంగి, మంచి ఇంజిను. కానీ టరెట్టులో ఇద్దరే. కమాండరే గురిపెట్టి పేల్చాలి. గురి చూస్తున్నంతసేపూ చుట్టూ ఎవరొస్తున్నారో అతనికి తెలియదు. జర్మన్ పాంజర్-3లో టరెట్టులో ముగ్గురు, కమాండరు పని చూడటమే. తక్కువ ట్యాంకు ఎక్కువ ట్యాంకుని ముందు చూసి ముందు కొట్టిందంటే అందుకే. 1944లో 85 మిల్లీమీటర్ల ఫిరంగితో వచ్చిన టీ-34కి ముగ్గురి టరెట్టు పెట్టాకే ఆ బాధ తీరింది. ఇంకా వెనక్కి వెళ్తే, 1916 సెప్టెంబరు 15న ఫ్రాన్స్‌లో మొదటిసారి యుద్ధంలో దిగిన బ్రిటిష్ మార్క్-1లో ఎనిమిది మంది. బండి నడిపి మలుపు తిప్పాలంటేనే అందులో నలుగురు కావాలి. ఇంజిను చప్పుడులో మాట వినపడదు, సైగలే. ఆ రోజు చాలా ట్యాంకుల్ని ఆపింది శత్రువు కంటే ముందు బురద, ఇంజినులే.

అందుకే ఉడుము ఆడేటప్పుడు నేను అందరికీ ఒకేసారి చెప్పను. డ్రైవరుకి ముందున్న ముప్పై అడుగులు మాత్రం చెప్తాను. గన్నరుకి దూరంగా ఉన్నది చాలా స్పష్టంగా, కానీ కిటికీ సందులోంచి చూసినంత మేరే. కమాండరుకి చుట్టూ. గుండు పెట్టే మనిషికి బయట ఏమీ చెప్పను. లోపల ఎన్ని గుండ్లున్నాయో మాత్రం ఆ మనిషికే తెలుసు. మొన్న ఒక ఆటలో ఆ పాత్ర ఇంటర్ చదివే ఒకమ్మాయి చేసింది. చేతికి అందేవి ఎనిమిది, మిగతావి కింద అరలో. ఒక్కోటి ఇంచుమించు 20 కేజీలు. కమాండరు పేల్చండి పేల్చండి అంటున్నాడు. ఆ అమ్మాయి అగ్గిపుల్లలు పక్కన పేర్చుకుని ఒక్కోటి తీసేస్తూ, ‘మూడు... రెండు...’ అని మెల్లగా చెప్తోంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఒక్కటి మిగిలినప్పుడు కమాండరు కుర్రాడు ఆగిపోయాడు. వెనక్కి తగ్గుదామన్నాడు. ఆ నిర్ణయం ఆ అగ్గిపుల్లల వల్లే వచ్చింది.

ఇప్పుడు కవచం. ఏటవాలు పలక గురించి అందరూ ఒక పొరపాటు నమ్ముతారు. పలకని నిలువు నుంచి 60 డిగ్రీలు వంచితే 60 మిల్లీమీటర్లది 120 అవుతుంది, కాబట్టి సగం బరువుతో పనైపోతుందని. దోసకాయ తీసుకోండి. అడ్డంగా కోస్తే చిన్న చక్రం, ఏటవాలుగా కోస్తే పొడవాటి ముక్క. పలక కూడా అంతే. వంచితే ఎదురొచ్చే గుండుకి మందం రెట్టింపవుతుంది, నిజమే. కానీ అదే ఎత్తుని కప్పడానికి పలక పొడవూ రెట్టింపు కావాలి. బరువులో మిగిలింది ఏమీ లేదు! పైగా లోపల డ్రైవరు తల దగ్గర జాగా పోతుంది. మరి ఎందుకు వంచడం? గుండు జారిపోయే అవకాశం కోసం, అంత మందం పలక పోత పోయలేని దేశం సన్నటి పలకతో నెట్టుకురావడం కోసం. ఈ రెండో మాట ఆటలో చాలా పనికొస్తుంది.

ఎందుకంటే, ట్యాంకు మీ దేశం పుట్టుక చెప్పాలి. మహేంద్రలో ఏముంది? గరివిడి, చీపురుపల్లి దారిలో వెళ్లినవాళ్లు నల్లటి మాంగనీసు దిబ్బలు చూసే ఉంటారు. ఉక్కులో మాంగనీసు పన్నెండు శాతం దాకా కలిపితే, కొట్టేకొద్దీ గట్టిపడే ఉక్కు వస్తుంది. ఇంగ్లండులో హాడ్‌ఫీల్డ్ 1882లో కనిపెట్టాడు. ట్యాంకు ట్రాకులకి దాన్ని విస్తారంగా వాడారు. కాబట్టి మన గణతంత్రానికి ట్రాకుల కొరత లేదు, వెడల్పాటి ట్రాకు మనకి అందుకే సాధ్యం. కవచం ఉక్కులో కలిపే మాలిబ్డినం అనే లోహం మాత్రం బయటి నుంచి రావాలి. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో జర్మన్లకి మాలిబ్డినం కరువై కవచం పెళుసుబారింది, దెబ్బకి పగుళ్లిచ్చేది. మన నియమాల్లోనూ అంతే రాసుకున్నాం. ఆటలో ఓడరేవు మూతపడ్డ ఆరు నెలల తర్వాత కట్టిన ఉడుములకి కవచం పాచికలో ఒకటి తగ్గుతుంది. అప్పటి నుంచి ఆడేవాళ్లు ఓడరేవుని ప్రాణంలా చూసుకుంటున్నారు.

ఫిరంగి విషయం తొందరగా ముగిస్తాను. 105 మిల్లీమీటర్లు చాలు. 152 పెట్టొచ్చు కదా అంటారా? అమెరికావాళ్లు 15 టన్నుల షెరిడన్ ట్యాంకు మీద 152 పెట్టారు. పేల్చినప్పుడల్లా బండి ముందు చక్రాలు గాల్లోకి లేచేవి. ఫిరంగి సైజు కన్నా అది ఎంత కిందికి వంగుతుందన్నదే మనకి ముఖ్యం.

దీనికి ఈ బొమ్మ దగ్గరకి రండి. ఇది చెరువు గట్టు అనుకోండి. ట్యాంకు గట్టు వెనక దాక్కుని టరెట్టు మాత్రమే పైకి పెట్టి, అవతల పల్లంలో ఉన్నదాన్ని కొట్టాలి. ఫిరంగి మూతి వంగకపోతే బండి మొత్తం గట్టెక్కాలి, అప్పుడు పొట్ట బయటపడుతుంది. ఏతం చూశారా ఎవరైనా? మా తాతగారి బావి దగ్గర ఉండేది. ఒక కొస వంగితే రెండో కొస లేస్తుంది. ఫిరంగి కూడా ఇరుసు మీద ఏతమే. మూతి కిందికి వంగాలంటే లోపలున్న వెనక భాగం పైకి లేవాలి, దానికి కప్పు అడ్డం. వెనక భాగం ఇరుసు నుంచి 1.8 మీటర్లు ఉందనుకుంటే, 5 డిగ్రీలు వంగడానికి లోపల 16 సెంటీమీటర్లు ఖాళీ కావాలి. 10 డిగ్రీలకి 31 సెంటీమీటర్లు. టీ-72కి 6 డిగ్రీలే. పెద్ద మైదానాల కోసం గీసిన బండి అది, పొట్టిగా ఉండటమే దాని బలం. మన నేల అలాంటిది కాదు. చెరువు గట్లు, కాలువ గట్లు, కొండ వాలులు. ఉడుముకి 9 డిగ్రీలు ఇచ్చాం. దానివల్ల టరెట్టు ఎత్తు పెరిగింది, మైదానంలో దూరం నుంచి కనబడుతుంది. కానీ గట్టు వెనక అది రాజు.

(సభలో ఒకరు: పక్కలు 30 మిల్లీమీటర్లేనా మావయ్యా? ఎవరైనా పక్క నుంచి వస్తే?)

పోతుంది బాబూ. పక్క నుంచి వస్తే పోతుంది. ఆ బలహీనతని దాచొద్దని మన నియమాల్లో రాసుకున్నాం. ట్యాంకు కాగితం మీద బలాలు రాసినవాళ్లు, అదే చేత్తో కనీసం రెండు లోపాలు రాయాలి. ఉడుముకి సన్నటి పక్కలు ఒకటి. వెడల్పు 3.3 మీటర్లు కాబట్టి ఊళ్లోని సందుల్లో పట్టదు, అది రెండోది. మూడోది నేను పట్టుబట్టి పెట్టించాను, వెనక్కి నడవటం. టీ-72 వెనక్కి గంటకి నాలుగు కిలోమీటర్లే పోతుంది, మనం నడిచినంత. ముందుకి వెళ్లినంత వేగంగా వెనక్కి రాలేమని ఒంటికి తెలిసినవాడు ముందుకి ఎలా వెళ్తాడో నాకు తెలుసు. ఆ జాగ్రత్త మీ డ్రైవర్లకీ రావాలని నా కోరిక.

(ఒకమ్మాయి: నీటి మీద తేలేలా చెయ్యకూడదా? నదులు ఇన్ని ఉన్నాయి కదా.)

మంచి ప్రశ్నమ్మా. చెయ్యొచ్చు. పీటీ-76 అని 14 టన్నుల బండి ఉండేది మనవాళ్ల దగ్గర, నీటి మీద తేలుతుంది. 1971 నవంబరులో గరీబ్‌పూర్ దగ్గర, పొగమంచులో, మన 45 కావల్రీ పటాలం వాటితోనే పాకిస్తాన్ చాఫీ ట్యాంకుల్ని చావుదెబ్బ కొట్టింది. కానీ తేలాలంటే తేలికగా ఉండాలి, తేలికగా ఉండాలంటే కవచం అట్టలా ఉండాలి. 36 టన్నుల ఉడుము తేలదు. అందుకే మన సైన్యంలో రెండు రకాలు పెట్టుకుందాం. తేలే బండి ముందు నది దాటి అవతలి గట్టు పట్టుకుంటుంది. ఉడుము లోతు తక్కువ చోట వెతుక్కుని దిగి దాటుతుంది. ఆ తేలే బండి నువ్వే గీయి. మళ్లీ ఆదివారం తీసుకురా. ముందు నేల, తర్వాత మనిషి, గుర్తుంది కదా?

(ఇంకొకరు: డ్రోన్లు?)

మన ఆట 1975లో జరుగుతోంది బాబూ, ఆకాశంలో డ్రోన్లు లేవు. కావాలంటే కాలం మారుద్దాం, కానీ అప్పుడు టరెట్టు పైకప్పు నుంచి లెక్క మళ్లీ మొదలెట్టాలి. ఇన్నాళ్లూ పైకప్పు పల్చగా ఉన్నా సరిపోయేది, నెత్తి మీంచి దెబ్బ తగలడం అరుదు కాబట్టి. ఆ మూలన్న ఇద్దరూ కలిసి ఆ లెక్క వెయ్యండి, నేను సాయం చేస్తాను.

ఇంజిను గురించి ఒక్క ముక్క. 36 టన్నులకి 720 హార్స్‌పవర్. కిలోమీటరుకి రెండు మూడు లీటర్ల డీజిలు తాగుతుంది. ఆటలో ఆయిలు లెక్క కమాండరు కాదు, డ్రైవరు రాయాలి. నేను అలాగే రాసేవాణ్ని. రోజూ సాయంత్రం, దిగేముందు.

సరే, టీలు వచ్చాయి. తాగేసి ఈ బల్ల చుట్టూ చేరండి. పటం పరిచాను. ఇదిగో ఉడుము కాగితం, ఇవి అగ్గిపుల్లలు, గుండు పెట్టే మనిషికి. కమాండరు ఎవరు? నువ్వా? గన్నరు? సరే. డ్రైవరు కుర్చీలోకి ఈ చిన్నబాబు రానీ, మొదటిసారి వచ్చాడు.

రాత్రి మూడయింది. నిన్నటి నుంచి వాన. మీ ముందు గెడ్డ ఉంది, అవతల గట్టు మీద తాటిచెట్లు మసగ్గా కనబడుతున్నాయి. లోతెంతో నేను చెప్పను. ఎవరు దిగి చూస్తారు?